తొమ్మిదింటికీ నా కొడుకే చెప్పాడు

డాక్టరు గారికి,

బేర్ సరాయ్‌లో విద్యార్థుల మెస్సులో వంట చేసే ముసలిదాన్ని. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే మా పై గదిలో ఉండే అనూహ్య రాస్తోంది. మీకు హిందీలో చదివి వినిపించేదీ తనే.

పోయిన బుధవారం బీపీ చూపించుకోవడానికి మీ క్లినిక్కుకు వచ్చాను. నర్సమ్మ మనసు గురించి తొమ్మిది ప్రశ్నలు అడిగింది. నాకు హిందీ అంతంతమాత్రమని నా కొడుకు కిరీటి, "సబ్ ఠీక్ హై దీదీ" అంటూ అన్నిటికీ అంతా బాగుందని తనే చెప్పేశాడు. ఆమె అలాగే రాసుకుంది.

వాడు చెడ్డవాడు కాదండీ. అమ్మకు పిచ్చంటారేమోనని భయం. కానీ ఎనిమిది నెలల కిందట సిలిండర్ పేలి నా చెల్లెలు గౌరి పోయినప్పుడు పక్కనున్నది నేను, వాడు కాదు. అప్పట్నుంచి పొయ్యి వెలిగించాలంటే ఇంకొకర్ని పిలుస్తున్నాను. అన్నం సహించడం లేదు. చచ్చిపోవాలనిపిస్తోందా అని కూడా అడిగారట. ఆ జవాబు ఉత్తరంలో రాయించను, ఎదురుగా కూర్చుని చెబుతాను.

నన్ను పెద్దాసుపత్రికి పొమ్మనకండి. బీపీ మాత్రలిచ్చే చోటే దీనికీ వైద్యం చేస్తామని మీ గోడ మీదే రాశారట.

ఈ బుధవారం వస్తాను. పాత కాగితం కొట్టేసి మొదటి ప్రశ్న నుంచి అడిగించండి. అనూహ్య నా మాటలే హిందీలో చెబుతుంది. కిరీటి బయట కూర్చుంటాడు. ఆ సంగతి వాడికి చెప్పేశాను.