నా కొలతకి కుట్టింది

మార్చి 4
యూనిఫాంలు కుట్టే మా ఫ్యాక్టరీకి మామోగ్రామ్ బస్సు వచ్చింది. నలభై దాటిన ఆడవాళ్ళంతా లైన్లో నిలబడాలని సూపర్‌వైజర్ ఆర్డర్. వదినా నేనూ కుట్టేదీ పక్కపక్క మిషన్ల మీదే, లైన్లోనూ పక్కపక్కనే. రెండు ప్లేట్ల మధ్య పెట్టి నొక్కేస్తే ప్రాణం పోయింది. ఇస్త్రీ అయిందా అని వదిన ఒకటే నవ్వు.

మార్చి 19
నాది నార్మల్. వదినని మళ్ళీ రమ్మన్నారు.

ఏప్రిల్ 11
వదినకి సూది గుచ్చి ముక్క తీశారు. క్యాన్సరేనట, కానీ పాలగొట్టాలు దాటలేదట. ఇలాంటివి కొన్ని జన్మంతా కదలకుండా పడుంటాయి, కొన్ని పాకుతాయి, ఏది ఏదో ముందే చెప్పలేం అంది డాక్టరమ్మ. చాలామేర ఉంది కాబట్టి కుడి రొమ్ము మొత్తం తీసేయాలట. ఏం చెయ్యమంటావే అని వదిన నన్నడిగింది. నేను నోరు తెరిచేలోపే అన్నయ్య తీయించెయ్యమన్నాడు. కోసేది ఆయన్ని కాదుగా.

మే 6
ఆపరేషన్ అయింది. ఆ బస్సే మా ఆవిణ్ణి బతికించిందని అన్నయ్య ఊరంతా టముకు వేస్తున్నాడు. వదిన గోడవైపు తిరిగి పడుకుంది.

జూన్ 2
వదిన కుడివైపుకి దూది పాడ్ కుట్టాను. మెత్తగా ఉండాలని నా పాత నైటీ చింపాను. విప్పి కుట్టి, విప్పి కుట్టి, చివరికి కుదిరింది. అసలుదానికన్నా ఇదే బాగుంది అంది. నవ్వి, ఇద్దరం ఏడ్చాం.

ఆగస్టు 23
స్నానం చేస్తుంటే ఎడమవైపు ఏదో గట్టిగా తగిలింది. బఠాణీ అంత. నా రిపోర్ట్ నార్మల్ కదా. పైగా వెళ్తే ఏం చేస్తారో కళ్ళారా చూశాను.

నవంబర్ 9
పెరిగింది. నడుం నొప్పి మిషన్ వల్ల అనుకుంటున్నాను. చెప్పగానే వదిన చెయ్యి పెట్టి చూసి, నోటికొచ్చినట్టు తిట్టి, ఆస్పత్రికి లాక్కెళ్ళింది.

నవంబర్ 17
క్యాన్సర్. కొన్నిటిని మామోగ్రామ్ పట్టలేదట, కొన్ని పరీక్షకీ పరీక్షకీ మధ్య ముంచుకొస్తాయట. నార్మల్ అన్నా సరే, గడ్డ తగిలితే ఆగకూడదట. ఆ ముక్క మార్చిలో చెప్పొచ్చుగా? చెప్పారేమో. నార్మల్ అన్నాక నేనింకేం వినలేదు. ఒళ్ళు మండిపోతోంది. ఇంకో స్కాన్ ఉంది, తర్వాత ఆపరేషన్ ఉండొచ్చట.

నవంబర్ 24
నాకూ ముందుగానే ఒక పాడ్ కుట్టుకున్నాను, ఎడమవైపుకి. చెయ్యి తిరిగింది, ఒక్కసారికే కుదిరింది. మనిద్దరికీ మిగిలేవి కలిపితే ఒక ఆడదానికి సరిపోతాయే అంది వదిన, దూది ఏకుతూ.

డిసెంబర్ 1
వెన్నెముకలోకి పాకింది. లివర్లోకి కూడా. ఇప్పుడు రొమ్ము తీసినా లాభం లేదట. మందులతో ఎన్నాళ్ళు నెట్టుకొస్తే అన్నాళ్ళు. అన్నయ్య బస్సు మాట ఎత్తడం మానేశాడు.

డిసెంబర్ 2
నా పాడ్ వదిన పెట్టి చూసుకుంది. వైపు వేరు, కొలత వేరు. వద్దే, ఉండనీ అంటోంది. వదిన కొలతకి కుట్టడానికి కుట్లు విప్పుతున్నాను.