బీడీల చాట ముంగట పాఠం

అవ్వా, నువ్వు కన్నుమూసిన ఏడాదికి నేను పరీక్ష పాసైన. ఈ అరబ్బు దేశంల, మెసైమీర్ సైటుల ఇగ నేను పరంజ కట్టే కూలీని కాదు. కట్టిన పరంజ మీదికి మనుషులు ఎక్కచ్చునో లేదో చూసి చెప్పేటోన్ని.

ఆంధ్ర ఇంజనీరు సారు చెయ్యి కలిపిండు. "మీ అమ్మగారు ఏం చదువుకున్నారు?" అన్నడు.

"సదువు రాదు సార్. బీడీలు చేస్తుండె."

"అయ్యో, ఇంట్లో చెప్పేవాళ్ళు లేకుండానే ఇంత నేర్చుకున్నావా!"

మెచ్చుకున్నడే గాని, నాకు నెత్తి మండింది. చెప్పేటోళ్ళు లేకపోతేంది, అడగనీకె నువ్వు ఉంటివి గద. ఒళ్ళె చాట పెట్టుకొని, ఆకుల తంబాకు పోసి చుట్టుకుంట, వాన ఎట్ల పడ్తదో చెప్పుమంటివి. నేను గడగడ అప్పజెప్తె, "గట్ల కాదు బిడ్డా, నాకు సమజయ్యేటట్టు చెప్పు" అంటుంటివి.

"నీకేం తెల్వదే!" అని ఒర్రేటోన్ని.

"తెల్వకనే అడుగుతున్న. తెలిస్తె నీతోని ఏం పని?" అని నవ్వుతుంటివి.

ఈ పరీక్ష పుస్తకం గూడ గట్లనే సదివిన, ఒక్కొక్క పేజీ నువ్వు ముంగట కూసున్నట్టే నీకు చెప్పుకుంట. కూలీల క్యాంపుల అందరు నాకు పిచ్చి లేసిందన్నరు.

కొత్త కార్డు ఇచ్చిండ్రు. దాని మీద నా పేరు, నాయిన పేరు. నేను ఏ క్లాసు సదువుతున్ననో ఎన్నడు అడగని నాయిన పేరు! అవ్వ పేరుకు జాగ ఏదంటె, "మాఫీ, యల్లా", అంటె లేదు నడువుమని, ఆఫీసుల నుంచి ఎల్లగొట్టిండ్రు.

కార్డు వెనుక పెన్నుతోని నీ పేరు రాసిన. చెమటకు చెరిగిపోతున్నది. మల్ల రాస్తున్న.