పదిహేడు అరల కారు

సోమవారం

చిరంజీవి అమ్మడికి,

బాబాయి ఆశీస్సులు. ఇక్కడ మేమిద్దరం కులాసా. మూడో మనిషిగా వచ్చిన నీ పాత కారు కూడా కులాసాగానే ఉంది.

నువ్వు ఫోను చేస్తే నేను తీయడం లేదని మీ నాన్నతో అన్నావట. నిజమే. ముప్ఫై నాలుగేళ్ళు తపాలా ఆఫీసులో ఏ ఊరి ఉత్తరం ఆ అరలో వేసినవాణ్ణి. ఫోనులో విన్న మాట ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియదు. ఉత్తరమైతే చదివి, మడిచి, ఓ చోట దాచుకోవచ్చు. మీ పిన్నికి చేద్దామంటే కుట్టుమిషను చప్పుడులో ఆవిడకి వినపడదు. వినపడినా "మీ బాబాయినే అడుగు" అంటుంది.

బస్సు ఎత్తేసిన దగ్గర్నుంచి మీ పిన్ని టైలరు దుకాణం ఇవాళో రేపో అన్నట్టుండేది. తొమ్మిది కిలోమీటర్లు ఎవరు నడుస్తారు? ఇరవై రెండేళ్ళ దుకాణం, తాళం వేసేద్దామనే అనుకుంది. అలాంటప్పుడు నువ్వు కారు పంపావు. ఇంట్లో లైసెన్సు వచ్చి కూడా పదిహేను రోజులైంది. "మూడు నెలలు చూస్తాను, తేడా వస్తే కారు వెనక్కి" అన్న నీ షరతు నాకు బాగా గుర్తుంది.

ఇక అసలు సంగతి. ఈ కారులో పదిహేడు అరలున్నాయి! నీకు తెలుసో లేదో. ఖాళీ అర కనబడితే నాకు చేతులు ఊరుకోవు. అందుకని అన్నీ నింపాను. తలుపు జేబుల్లో దారపు రీళ్ళు, రంగుల వరసన. కప్పు పెట్టుకునే గుంటలో టీ. రెండో గుంటలో గుండుసూదుల డబ్బా. ఎదర డ్యాష్‌బోర్డు అరలో టేపు, సుద్దముక్కలు, గంజి స్ప్రే డబ్బా. అది నిండిపోయి మూత పడలేదు గానీ, తెరిచి ఉంటేనే మంచిది, చేతికి అందుతుంది. పెద్ద కత్తెర అద్దం ముందు పెట్టాను. స్టీరింగు కింద ఓ చిన్న మూత ఉంది, ఎవరూ చూడరు. అందులో గుండీలు పోశాను.

మీ పిన్ని "ఇది కారా, నా కుట్టుపెట్టా?" అంది. మెచ్చుకుందనే అనుకుంటున్నాను.

ఇట్లు,
మీ బాబాయి

తా.క. గాలి వచ్చే చోట అడ్డంగా రేకులు పెట్టారు చూడు, అచ్చు మా ఆఫీసులో ఉత్తరాలు వేరుచేసే బల్లే. ఇంటికి వచ్చిన ఉత్తరాలు అక్కడ నిలబెట్టాను. ఏసీ వేస్తే రెపరెపలాడుతూ అవే పైకి వస్తున్నాయి. ఈ సదుపాయం మాకు సర్వీసులో ఉంటే ఎంత బాగుండేది!

*

శుక్రవారం

పూజ్యులైన బాబాయి గారికి,

నమస్కారాలు. మీ ఉత్తరం ఆఫీసులో చదివాను. అది తప్పయింది. చదివి కుర్చీలోంచి లేచి నిలబడితే అందరూ నా వైపు చూశారు.

బాబాయ్, నేను కార్ల కంపెనీలో ఏం చేస్తానో మీకు తెలుసు కదా. కారుతోపాటు ఇచ్చే పుస్తకం రాస్తాను. "అరలు, హోల్డర్లు: జాగ్రత్తలు" అన్న అధ్యాయం నాదే. అందులో ఏది చేయకూడదని రాశానో అది మీరు వరసగా చేసి చూపించారు.

కత్తెర అద్దం ముందునుంచి ఇవాళే తీసేయండి. బ్రేకు పడిందంటే అది మీ మీదికే వస్తుంది. డ్యాష్‌బోర్డు అర మూత తెరిచి నడపకూడదు. గట్టిగా బ్రేకు వేస్తే పక్క సీట్లో ఉన్నవాళ్ళ మోకాళ్ళు పగులుతాయి. మూత పడకపోతే సామాను ఎక్కువైనట్టే. ఎండలో నిలబెట్టిన కారులో స్ప్రే డబ్బా పేలిపోతుంది. మూత లేని వేడి టీ కప్పు గుంటలో పెట్టొద్దు, గతుకు తగిలితే ఒళ్ళోకే. గుండుసూదుల సంగతి నేను రాయను, మీకే తెలియాలి. గాలి రేకుల్లో కాగితాలు పెడితే లోపలికి జారిపోతాయి.

స్టీరింగు కింద మూత ఉన్నది అర కాదు. ఫ్యూజుల పెట్టె. కారులో ఉన్నవి పదహారే.

ఒక్క మాట బతిమాలుకుంటున్నాను. కారు నడుస్తున్నప్పుడు ఏ అరా తెరవకండి. చేతులు రెండూ స్టీరింగు మీదే ఉండాలి.

పిన్నికి నా నమస్కారాలు. పాపం ఆవిడ మెత్తని మనిషి. భయమేసినా పైకి చెప్పదు.

ఇట్లు,
మీ అన్న కూతురు

తా.క. పుస్తకం కారులోనే పెట్టి పంపాను. కనబడలేదా?

*

బుధవారం

చిరంజీవి అమ్మడికి,

ఆశీస్సులు. నీ ఉత్తరం అక్షరం పొల్లుపోకుండా అమలు చేశాం. కత్తెర ఒరలో పెట్టి వెనక డిక్కీలో వేశాను. స్ప్రే డబ్బా, సూదులు దుకాణానికి చేరాయి. గుండీలు తీశాను. రెండు తక్కువొచ్చాయి, కారు నడుస్తూనే ఉంది కాబట్టి వాటి గురించి నువ్వు బెంగపెట్టుకోకు.

కారు నడుస్తుండగా అర తెరవకూడదన్నావు. సరే. ఇప్పుడు ఏ అర తెరవాలన్నా కారు పక్కకి ఆపుతున్నాం. కళ్ళజోడు తీయాలంటే ఆగుతాం. దాని పెట్టె తిరిగి అరలో పెట్టాలంటే మళ్ళీ ఆగుతాం. టీ తాగాలంటే ఆగి, తాగి, మూత బిగించి బయల్దేరుతాం. నిన్న దుకాణానికి వెళ్ళేలోగా పదకొండు సార్లు ఆగాం. వెనక వస్తున్న లారీ డ్రైవరు దిగివచ్చి "ఏమైందండీ, చెడిపోయిందా?" అని అడిగాడు. "లేదండీ, కళ్ళజోడు సర్దుతున్నాం" అన్నాను. ఆయన కాసేపు నన్నూ, కళ్ళజోడునీ చూసి, దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

దుకాణం తెరిచేసరికి గిరాకీలు మెట్ల మీద కూర్చుని ఉన్నారు. మీ పిన్ని తాళం తీసి నేరుగా మిషను ముందు కూర్చుంది. అలాంటప్పుడే నాకు భయం.

స్టీరింగు విషయంలో నువ్వు నిశ్చింతగా ఉండు. దాని మీద ఎప్పుడూ రెండు చేతులున్నాయి. ఒక్కటి కూడా తీయడం లేదు. అరలు తెరవడం, మూయడం, సర్దడం వేరే చేతులు చూసుకుంటున్నాయి.

ఇట్లు,
మీ బాబాయి

తా.క. పుస్తకం కనబడింది. మంచి అట్ట. తలుపు జేబులో రీళ్ళు గలగలలాడకుండా వాటి కింద పరిచాను.

*

శనివారం

బాబాయి గారికి,

నమస్కారాలు. మనిషికి ఎన్ని చేతులు బాబాయ్?

రెండు స్టీరింగు మీదుంటే ఆ "వేరే చేతులు" ఎవరివి? పిన్నివేనా? రోజంతా మిషను తొక్కే మనిషిని కారులో కూడా మీకు టీ అందించడానికి, కళ్ళజోడు తుడవడానికి పెట్టుకున్నారా? ఆవిడకి కారు ఎక్కడమే కొత్త. నా చిన్నప్పుడు ఆవిడకి సైకిలు నేర్పబోతే నాలుగు అడుగులకి దిగిపోయిందని నాన్న ఇప్పటికీ చెప్పి నవ్విస్తాడు. అలాంటి మనిషిని మీ పక్కన కూర్చోబెట్టి కంగారుపెట్టకండి. హాయిగా వెనక సీట్లో కూర్చోనివ్వండి.

అరలు తక్కువగా వాడండి అన్నాను గానీ, వాడకానికొకసారి రోడ్డు మీద ఆగమనలేదు. కావలసినవి బయల్దేరే ముందే చేతికి తీసుకోండి, లేదా చేరాక తీసుకోండి. తలుపు జేబులో దొర్లే వస్తువులు ఉంచొద్దు. ముఖ్యంగా ఆ రీళ్ళు. గుండ్రటి వస్తువు కింద పడితే ఎక్కడికి పోతుందో చెప్పలేం.

మీ మీద కోపం కాదు. చిన్నప్పుడు నాకు తపాలా బిళ్ళలు అంటించడం నేర్పింది మీరు. కానీ ఈ ఉత్తరాలు చదువుతుంటే నాకు పని మీద మనసు నిలవడం లేదు.

ఇట్లు,
మీ అన్న కూతురు

తా.క. ఆ పుస్తకం చదవడానికి ఇచ్చింది. పరవడానికి కాదు.

*

గురువారం

చిరంజీవి అమ్మడికి,

ఆశీస్సులు. నీకు దాచకుండా రాస్తున్నాను. దాచిపెట్టడం నాకు బాగా వచ్చు గానీ, ఇది దాచేది కాదు.

నీ ఉత్తరం మంగళవారం అందింది. రీళ్ళు తీసేద్దామనే అనుకున్నాను. రంగుల వరస చెడగొట్టడానికి మనసొప్పక రేపు తీద్దాం అనుకున్నాను. బుధవారం పొద్దున వంతెన దాటాక మలుపు దగ్గర కారు ఒక పక్కకి ఒరిగింది. పెద్ద నీలం రీలు జేబులోంచి ఎగిరి కింద పడి, దొర్లుకుంటూ సరిగ్గా బ్రేకు కిందికి పోయింది. ఎదర ఓ గుర్రబ్బండి. బ్రేకు నొక్కితే సగం దిగి ఆగిపోయింది.

ఎవరికీ ఏమీ కాలేదు. ముందుగా అదే రాయాల్సింది. కారు హ్యాండ్‌బ్రేకుతో ఆగింది, రోడ్డు పక్క ఇసక కుప్పకి జానెడు ఇవతల. గుర్రం మాత్రం వెనక్కి తిరిగి చూసింది.

తప్పు నాది. జేబులో పెట్టిందీ నేనే, చెప్పినా తీయనిదీ నేనే. ఆ సాయంత్రమే పదహారు అరలూ ఖాళీ చేశాను. ఇప్పుడు కారులో ఏమీ లేదు. నీ పుస్తకం ఒక్కటే ఉంది, డ్యాష్‌బోర్డు అరలో, మూత వేసి. మొదటి పేజీ నుంచి చదివాను. బాగా రాశావు. ముందే చదివి ఉంటే ఈ ఉత్తరం రాసే పని ఉండేది కాదు.

పిన్నిని వెనక సీట్లో కూర్చోబెట్టమని రాశావు కదా, ఆ మాట చదివి వినిపించాను. నోట్లో సూదులున్నాయి కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే వీధి చివరికి వినబడేలా నవ్వేది. కారు పుస్తకాలు రాసేదానివి నువ్వు. ఆవిడని వెనక కూర్చోబెడితే కారు ఎలా నడుస్తుందో నువ్వే చెప్పాలి.

ఇట్లు,
మీ బాబాయి

తా.క. నీలం రీలు నలగలేదు. మంచి సరుకు.

*

ఆదివారం

బాబాయి గారికి,

నమస్కారాలు. మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మీరు ఖాళీ చేశారు, చదివారు, సంతోషం. కానీ మీ ఉత్తరం చివర మీరు నవ్వులాట రాశారు. పిన్ని లేకపోతే మీరు కారు నడపలేరట. బ్రేకు కింద రీలు పడ్డాక కూడా ఆవిడ చేత చాకిరీ మానిపించరన్నమాట.

షరతు ప్రకారం కారు వెనక్కి తీసుకుంటున్నాను. ఈ గురువారం మా మెకానిక్ గారు వస్తారు. ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్న మనిషి. తాళం ఆయన చేతికి ఇవ్వండి.

పిన్ని దుకాణం గురించి నాకూ బాధగానే ఉంది. మిషను ఇంటికి తెప్పించుకుని వరండాలో పెట్టుకోమనండి. కొందరైనా అక్కడికి వస్తారు. దుకాణం పోతే మళ్ళీ పెట్టుకోవచ్చు, మీరు పోతే నేను తెచ్చుకోలేను.

కోపగించుకోకండి.

ఇట్లు,
మీ అన్న కూతురు

తా.క. మెకానిక్ గారికి కాస్త మంచినీళ్ళివ్వండి. ఎవరి పక్కన కూర్చున్నా ఆయనకి కంగారు. దారంతా పక్కవాళ్ళ తరఫున బ్రేకు తొక్కుతూనే ఉంటారు.

*

గురువారం

చిరంజీవి అమ్మడికి,

ఆశీస్సులు. ఈ ఉత్తరానికి బిళ్ళ లేదని చూసే ఉంటావు. ఎందుకు లేదో చివర చెబుతాను.

మెకానిక్ గారు పదింటికి వచ్చారు. చేయి చాపి తాళం అడిగారు. మీ పిన్ని తాళం పిడికిట్లో పెట్టుకుని "ఇది పంపినావిడకే ఇస్తాను, పదండి" అంది. ఆయన డ్రైవరు సీటు వైపు నడిచారు. అప్పటికే అందులో మీ పిన్ని కూర్చుని బెల్టు పెట్టుకుంటోంది.

అవునమ్మా. లైసెన్సు మీ పిన్నిది. నాకు రిక్షా తొక్కడం కూడా రాదు. మొదటి రోజు నుంచీ నడుపుతున్నది ఆవిడే. నేను పక్క సీటు మనిషిని. ఆ వేరే చేతులు నావి. నువ్వు మోకాళ్ళు పగులుతాయని రాశావు చూడు, అవీ నావే.

నీకు ఎందుకు చెప్పలేదంటే, ఆవిడ చెప్పొద్దంది. నీకు గుర్తుండదు, నువ్వు చిన్నదానివి. ఇరవై ఏళ్ళ కిందట ఆవిడ కారు నేర్చుకుంటానంటే మీ నాన్న "తొక్కడానికి నీకు మిషనుందిగా" అన్నాడు. ఇల్లంతా నవ్వింది. నేనూ నవ్వాను, అమ్మడూ. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే. మూడు నెలలు ఒక్క గీత పడకుండా నడిపి, అప్పుడు అందరికీ చెబుతానంది. ఆ మూడు నెలలు నోరు మూసుకుని ఉండడమే నేను ఆవిడకి చేయగలిగిన పని అనుకున్నాను. అది చాలదన్నట్టు కారు నిండా సామాను పెట్టాను.

నీలం రీలు బ్రేకు కిందికి పోయినప్పుడు నేను కళ్ళు మూసుకున్నాను. మీ పిన్ని మూసుకోలేదు. గేరు దించి, హ్యాండ్‌బ్రేకు కొంచెం కొంచెంగా లాగి, ఇసక పక్కన ఆపింది. ఆపి, "ఏమండీ, దెబ్బ తగిలిందా?" అని నన్ను అడిగింది. అంతే. అరిచి ఉంటే నాకు తేలికగా ఉండేది.

మిషను వరండాలో పెట్టుకోమని రాసిన నీ ఉత్తరం రెండుసార్లు చదివించుకుంది. "దాని భయం న్యాయమే" అంది. కారు నీది, షరతు నీది. తాళం నీ చేతిలో పెట్టడానికే ఇంత దూరం నడుపుకుంటూ వచ్చింది. అడిగితే ఇచ్చేస్తుంది, మారుమాట అనదు. ఇచ్చాక ఇంటికి ఎలా వెళ్ళాలో మాత్రం మేమిద్దరం ఆలోచించుకోలేదు.

నేను అడిగేది ఒక్కటే. కిందికి దిగి వచ్చి ఆవిడ పక్కన కూర్చో. నీ ఆఫీసు దాకా ఒకసారి వెళ్ళి రండి. నేను రాను, మెట్ల మీద కూర్చుంటాను. తిరిగొచ్చాక కూడా తాళం అడగాలనిపిస్తే అడుగు.

ఇట్లు,
మీ బాబాయి

తా.క. మెకానిక్ గారు పైకి రాలేదేమని చూడకు. వంతెన దాటకుండానే వెనక సీట్లో నిద్రపోయారు, ఇంకా లేవలేదు. మీ పిన్ని లేపనివ్వడం లేదు. అందుకని ఈ ఉత్తరం నేనే మెట్లెక్కి తెచ్చి నీ తలుపు కింద నుంచి తోశాను. తలుపు కొట్టొచ్చు కదా అంటావేమో. చదివాక నువ్వే తీస్తావని నిలబడ్డాను.