వెలుతురు చాలడం లేదన్నాడు

సోమవారం, మార్చి 3
షెడ్డు నుంచి

చిరంజీవి అమ్మడికి,

మేస్త్రి బాబాయి ఆశీర్వదించి రాసేది. అల్లుడుగారినీ పాపనూ అడిగానని చెప్పు. మేమిక్కడ బాగున్నాం అని రాసి మొదలుపెడదామంటే పెన్ను మొరాయిస్తోంది. బాగోలేని సంగతి చెప్పడానికే కూర్చున్నాను కాబట్టి నిదానంగా, కడదాకా చదువు. మధ్యలో ఫోను అందుకోకు. అసలు ఫోన్లోనే చెప్పొచ్చు. కానీ సగంలో నువ్వు ఏడుస్తావు, నేను ఆపేస్తాను, మిగతా సగం అలాగే ఉండిపోతుంది.

నువ్వు పంపిన పార్సెల్ శుక్రవారం అందింది. డిస్ట్రిబ్యూటర్‌కి పాత టవలు చుట్టి, మూత విడిగా అట్టపెట్టెలో పెట్టి, చేయి తిరిగిన మెకానిక్కు సర్దినట్టు సర్దావు. మీ నాన్న పిల్లల్ని బడికి తిప్పే ఇరవై ఆరేళ్ళ వ్యాను ఇంజనుకి నిప్పురవ్వ పంచే ఆ ముక్క ఈ రోజుల్లో దొరకడమే గొప్ప. దానికోసం మీ యార్డులో ఎన్ని తుక్కు బళ్ళ బానెట్లు ఎత్తి చూశావో! షాఫ్టు పట్టుకుని ఆడించి చూశాను, ఇసుమంతైనా లూజు లేదు. అయినా అది నా బీరువాలోనే ఉంది. బండికి బిగించలేదు. ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

ముందు, పార్సెల్లో నువ్వు పెట్టిన ఉత్తరానికి జవాబు. ఒకటే ప్రశ్న మూడుసార్లు రాశావు. నేను పంపిన స్టీరింగ్ జాయింట్ వల్లేనా బాబాయ్ బండి గోతిలో పడింది, చవగ్గా వస్తోందని నేనే పిల్లల ప్రాణాల మీదికి తెచ్చానా, అని. తిండి సయించడం లేదనీ, యార్డులో ఏ బండి విప్పబోయినా మధ్యలోనే వదిలేస్తున్నాననీ రాశావు.

కాదమ్మా. ఆ జాయింటు విప్పి, కడిగి, వెలుతురులో పెట్టి చూశాను. రబ్బరు చిరగలేదు, లోపలి గుండు బిగువుగా ఉంది. ఇంకో అయిదేళ్ళు తిరిగేది. నీ ముక్కలో తప్పు లేదు, నా బిగింపులోనూ లేదు. స్టీరింగ్ పట్టెయ్యనే లేదు. మీ నాన్నకి గొయ్యి కనిపించలేదు.

ఆ వాక్యం రాసి లేచి వెళ్ళి మొహం కడుక్కొచ్చాను.

నీకు గుర్తుందో లేదో, వానలు వెనకబట్టిన రోజుల్లో మొదలైంది ఇదంతా. బండి లైట్లు గుడ్డివైపోయాయి, వెలుతురు చాలడం లేదన్నాడు మీ నాన్న. నువ్వు బల్బులు పంపావు, వేశాను. పది రోజులకి మళ్ళీ వచ్చి, బల్బులు కాదురా, వెనకుండే రిఫ్లెక్టర్లే నల్లబడ్డాయి అన్నాడు. ఏదో తుక్కు బండి నుంచి జత హెడ్‌లైట్లు విప్పి పంపావు. అవీ వేశాను. తరవాత వైపర్లు. తరవాత ముందు అద్దం పాతబడి మసకబారిందని గోల, దాన్నీ మార్చాం. ఆ తరవాత పక్క అద్దాలు చిన్నవని పెద్దవి, వెనక్కి తీస్తుంటే కూత పెట్టే యంత్రం ఒకటి. ఎక్కడెక్కడి బళ్ళ ముక్కలో తెచ్చి ఒక్కదానికి అతికించి, మన తాబేలుకి ఈ వయసులో పెళ్ళికళ వచ్చిందిరా అని నవ్వుకున్నాం. తాబేలు అన్న పేరు పిల్లలు పెట్టిందే కదా. రోజూ ఆరుగురు దాన్లోనే బడికి వెళ్ళేవాళ్ళు. తక్కువ ఖర్చులో పాత బండిని కొత్తదానిలా నడిపిస్తున్నామని నాకు లోలోపల గర్వం కూడాను. లైట్లు మార్చిన ప్రతిసారీ షెడ్డు గోడ మీద వేసి చూసేవాణ్ణి. గోడ తెల్లగా వెలిగిపోయేది. ఆయన మాత్రం పెదవి విరిచి, ఫరవాలేదు, ఇంకొంచెం ఉంటే బాగుండు అనేవాడు. ముప్ఫయ్యేళ్ళుగా బళ్ళ జబ్బులు చెబుతున్నవాణ్ణి. అన్ని నెలలూ జబ్బు బండికే అనుకున్నాను.

నిజం తెలిసింది జనవరి మధ్యలో. వెనక షాకబ్సర్లు మారుస్తున్నాం. మీ నాన్న నా పక్కన కూర్చుని పధ్నాలుగో నంబరు పానా ఇవ్వమన్నాడు. ఆయన ఎడమ చెవి పక్కగా చేయి చాపాను. తీసుకోలేదు. ఇవ్వవేంరా అన్నాడు. నేను చేయి కదపకుండా అలాగే ఉంచాను. మళ్ళీ అడిగాడు, ఈసారి కాస్త చిరాగ్గా. అప్పుడు తల మొత్తం నా వైపు తిప్పి, ఇక్కడ పెట్టుకుని ఆటలాడతావేంట్రా అని లాక్కున్నాడు. కుడిపక్క నుంచి బోల్టు ఇచ్చి చూశాను. అదీ అంతే. గొట్టంలోంచి చూస్తున్నట్టు, ఎదురుగా ఉన్నదే తప్ప పక్కలేవీ ఆయనకి లేవు.

బండి చప్పుడు చూద్దాం పద అని సాయంత్రం పొద్దు వాలేవేళ పక్కన కూర్చున్నాను. అమ్మడూ, మీ నాన్న రోడ్డు చూసి నడపడం లేదు. గుర్తుపెట్టుకుని నడుపుతున్నాడు. పెదాలు కదులుతున్నాయి, చెవి ఒగ్గి విన్నాను, లెక్కపెట్టుకుంటున్నాడు. పెట్రోలు బంకు దాటాక ఇరవై రెండు దాకా లెక్కపెట్టి బ్రేకు వేశాడు. సరిగ్గా అక్కడే స్పీడు బ్రేకరుంది. ఎంత తెలివైన పని, ఎంత భయంకరమైన పని! మందుల షాపు దగ్గర ఎడమపక్క నుంచి సైకిలాయన ఒకడు వచ్చి, వెంట్రుకవాసిలో తప్పుకుని, నోటికొచ్చినట్టు తిట్టాడు. మీ నాన్న నన్నడిగాడు, ఎవర్రా అరుస్తున్నది అని.

షెడ్డుకొచ్చాక, కళ్ళ డాక్టరుకి ఓసారి చూపించుకుందాంరా అన్నాను. ఆయన నా మొహంలోకి సూటిగా చూసి, నా కళ్ళకేం, నీ ముక్కు మీద గ్రీజు మరక కూడా కనబడుతోంది అన్నాడు. నిజమే, మరక ఉంది. నవ్వాడు. తరవాత కొంచెం గొంతు తగ్గించి, ఇంకా పవరున్న బల్బులు దొరుకుతాయేమో అమ్మాయిని అడుగు అన్నాడు.

అడిగాను. ఆ ఉత్తరం నీకు అందింది, బల్బులూ వచ్చాయి. వాటిని కూడా ఈ చేత్తోనే బిగించాను. నాకు బుద్ధి లేదా అంటావు. ఉంది. ధైర్యమే లేకపోయింది. నాకు పని నేర్పించడానికి చెయ్యి పట్టుకుని మొదటి షెడ్డుకి తీసుకెళ్ళింది మీ నాన్న. స్టీరింగ్ పట్టుకోని మీ నాన్న ఎలా ఉంటాడో నేనెప్పుడూ చూడలేదు. రేపు గట్టిగా చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ ఇరవై రోజులు గడిపాను. ఆ ఇరవై రోజులూ, రోజుకి రెండుసార్లు, ఆరుగురు పిల్లలు ఆ బండెక్కారు. నేను షెడ్డు ముందు నిలబడి, చేతులూపే పిల్లలకి చెయ్యి ఊపాను. నన్ను నువ్వు ఏమన్నా అను, పడతాను.

ఫిబ్రవరి నాలుగో తారీకు పొద్దున. బడి సందులో పైపుల కోసం ఎడమవైపు సగం రోడ్డు తవ్వారు. ముందురోజు సాయంత్రం లేదది. ఆయన లెక్కలో లేదు. ముందు చక్రం దిగబడి, బండి ఆ పక్కకి ఒరిగిపోయింది. ముందు సీట్లో కూర్చున్న రెండో తరగతి పాపకి గడ్డం డాష్‌బోర్డుకి కొట్టుకుంది. నాలుగు కుట్లు పడ్డాయి. మిగతావాళ్ళకి దెబ్బల్లేవు, భయమే. నేను పరిగెత్తి వెళ్ళేసరికి మీ నాన్న ఒక్కొక్కరినీ ఎత్తి బయట నిలబెట్టి, వాళ్ళ సంచులు తుడుస్తున్నాడు. చుట్టూ మూగినవాళ్ళతో, స్టీరింగ్ పట్టేసింది, తిప్పితే తిరగలేదు అంటున్నాడు.

ఆ మధ్యాహ్నం పాప తల్లి షెడ్డుకొచ్చింది. అరవలేదు. అరిచినా బాగుండేది. పాత ఇనుము ఏరుకొచ్చి పిల్లలెక్కే బండికి బిగిస్తారా, మీకూ పిల్లలున్నారు కదా అని అడిగింది. మీ నాన్న నా పక్కనే నిలబడి ఉన్నాడు, తల దించుకుని. ఆయన నోరు తెరుస్తాడేమోనని చూశాను. తెరవలేదు. నేనే అన్నాను, తప్పు నాదేనమ్మా, జాయింటు నేను చూసుకోవలసింది అని. నా మాట పూర్తయ్యాక మీ నాన్న ఊపిరి వదలడం వినిపించింది.

నేనన్న మాట నిన్ను కూడా కొడుతుందని అప్పుడు తోచలేదు. జాయింటు నువ్వు పంపినదని వీధిలో అందరికీ తెలుసు. నీదాకా ఎవరు మోశారో గానీ మోశారు. నా షెడ్డుకొచ్చే బళ్ళు తగ్గాయి, అది నా సంగతి, దాన్ని వదిలెయ్. కానీ నెల రోజులుగా నువ్వు చెయ్యని తప్పుకి కుమిలిపోతున్నావు. అందుకే ఈ ఉత్తరం.

ఇంకో ఘోరం ఏమిటంటే, నా అబద్ధాన్ని మీ నాన్న నమ్మేశాడు. నమ్మడం ఆయనకి సుఖంగా ఉంది మరి. నాలుగు రోజుల్లో బండికి పడ్డ సొట్టలు సరిచేశాను. శనివారం వచ్చి, ఈసారి మంచి జాయింటు వెయ్యరా, సోమవారం నుంచి మళ్ళీ పిల్లల్ని తీసుకెళ్ళాలి, రెండిళ్ళవాళ్ళు ఒప్పుకున్నారు అన్నాడు. ఆదివారం బండి స్టార్టు కాలేదు. డిస్ట్రిబ్యూటర్ కాలిపోయిందని చెప్పాను, నీకూ అదే రాశాను. అప్పటినుంచి ఆయన రోజూ వచ్చి అడుగుతాడు, అమ్మాయి పంపిందా అని. వచ్చేస్తుందిలే అంటాను. ఇప్పుడది నా బీరువాలో ఉంది. బిగిస్తే రేపు పొద్దున్న ఆయన బండి తీస్తాడు.

కాబట్టి నిన్నడిగేది రెండు. ఆయన ఫోను చేస్తే, దొరకలేదు నాన్నా, ఇంకా వెతుకుతున్నానని చెప్పు. కూతురి చేత తండ్రికి అబద్ధం చెప్పిస్తున్నాను, నాకు తెలుసు. రెండోది, నువ్వొకసారి రా. ఆయన్ని కళ్ళ ఆసుపత్రికి తీసుకెళ్ళు. నా మాట నవ్వేసి కొట్టేస్తాడు, నీ మాట కొట్టెయ్యలేడు. మీ అమ్మకి ఏమీ చెప్పలేదు. మొన్న షెడ్డుకొచ్చినప్పుడు ఆవిడే అంది, ఈమధ్య గ్లాసు పక్కన నీళ్ళు పోస్తున్నారయ్యా, చేతుల్లో పట్టు తప్పిందేమో అని. అవునమ్మా, పని ఎక్కువైంది అన్నాను. చూశావా, ఒకసారి మొదలుపెడితే ఎంతమందికి చెప్పాల్సొస్తుందో.

పోయిన చూపు తిరిగొస్తుందో లేదో నాకు తెలియదు. నాకు తెలిసింది ఇంజన్లు. బండి నడపకపోతే ఇల్లెలా గడుస్తుందని అడుగుతావు. నువ్వొచ్చాక కూర్చుని ఆ లెక్క చూద్దాం. ఆయనకి కోపం వస్తుంది, నాతో మాట్లాడ్డం మానేస్తాడేమో. మానెయ్యనీ. పాప గడ్డం మీద మచ్చ పడింది. రోజూ నా షెడ్డు ముందునుంచే తల్లితో నడిచి వెళుతుంది. ఇప్పుడు చెయ్యి ఊపడం లేదు.

నువ్వు మాత్రం నిశ్చింతగా పని చేసుకో. నీ చేతులు మంచివి. మీ పాపకి ముద్దులు.

నీ మేలు కోరే
మేస్త్రి బాబాయి

తా.క.: కవరు అంటించబోయి మళ్ళీ విప్పాను. నీకు కూడా ఒక అబద్ధం రాశాను అమ్మడూ. డిస్ట్రిబ్యూటర్ కాలిపోలేదు. ఆ ఆదివారం మీ నాన్న టీకి వెళ్ళినప్పుడు నేనే దాని మూత విప్పి, లోపల తిరిగే వేలెడంత రోటర్ తీసి దాచేశాను. అది లేకపోతే ఇంజను రాదు. నువ్వు మూడు వారాలు వెతికింది అవసరం లేని ముక్క కోసం. ఈ సంగతి రాయకుండానే పంపేద్దామనుకున్నాను. కానీ ఇందాక మీ నాన్న వచ్చాడు. పలకరించకుండా నేరుగా బండి దగ్గరికి వెళ్ళి బానెట్ ఎత్తాడు. మొహం గోడవైపు ఉంది, వేళ్ళే వెతుక్కుంటూ వెళ్ళాయి. క్లిప్పులు రెండూ తీసి, మూత ఎత్తి, లోపల వేలు పెట్టాడు. ఖాళీ తగిలినచోట ఆ వేలు చాలాసేపు ఆగిపోయింది. తరవాత మూత పెట్టి, క్లిప్పులు నొక్కి, బానెట్ మెల్లగా దించాడు. ముక్క వచ్చిందా అని అడిగాడు. రాలేదన్నాను. ఇంక వెతకొద్దని అమ్మాయికి రాసెయ్ అన్నాడు. గుమ్మం దాకా వెళ్ళి ఆగి, తల మొత్తం నా వైపు తిప్పి, కళ్ళ ఆసుపత్రికి ఏ నంబరు బస్సు పోతుందిరా అని అడిగాడు. నంబరు చెప్పాను. రేపు పొద్దున్న నేనూ వస్తానన్నాను. వద్దనలేదు.