మూడవ వరుసలోని పేరు

టాంజియర్ నగరము,
మర్షాన్ పేట.

ఎదుటి గట్టు దేశపు కాన్సులేటులో కుటుంబ ప్రవేశానుమతులను పరిశీలించు అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: యూరోపు పౌరురాలి భర్తగా నేను పెట్టుకొన్న కుటుంబ ప్రవేశానుమతి దరఖాస్తును "దరఖాస్తుదారునికి భార్య పేరు తెలియదు" అను కారణముచే తిరస్కరించుట, పునఃపరిశీలన కోరుట.

డెబ్బది యొకటవ యేట నడుచుచున్న తుహామీ అల్-వద్రాసీ అను నేను మర్షాన్ మసీదు బడిలో నలుబది సంవత్సరములు పవిత్ర గ్రంథ పఠనమును, వ్యాకరణమును, ప్రాచీన కావ్యములను బోధించి విశ్రాంతి పొందినవాడను. పేటవారు నన్ను ఫకీహ్, అనగా పంతులు, అని పిలుతురు. తిరస్కార పత్రము అందిన ముప్పది దినములలోగా మనవి చేసికొనవచ్చునని దాని అడుగున ముద్రించియున్నది. అందు ఇరువది యొక్క దినములు ఈ అర్జీ ఎట్లు వ్రాయవలెనో తోచక గడచిపోయినవి.

1. నా భార్య బెల్జియం పౌరురాలు. ఆమె తండ్రి ఆ దేశపు బొగ్గు గనులలో పని చేసినవాడు. ఆమె తొమ్మిదవ యేట అక్కడికి వెళ్ళి, ఇరువది రెండవ యేట నన్ను వివాహమాడుటకు తిరిగి వచ్చి, ముప్పది రెండు సంవత్సరములు ఈ ఇంటనే ఉన్నది. రెండేండ్ల క్రిందట జలసంధికి ఎదుటి గట్టున కాపురముండు ఆమె అక్కగారికి పక్షవాతము వచ్చినది. అక్క వితంతువు, సంతానము లేదు. నలుబది దినములలో వచ్చెదనని నా భార్య చిన్న సంచితో ఓడ ఎక్కినది. అక్కగారి కుడి చేయి ఇంతవరకు లేవలేదు. నా భార్య ఇప్పుడు ప్రతి ఉదయము అక్కడి వృద్ధాశ్రమములో వంట చేయుచు, ఆ దేశపు నివాస పత్రము పొందియున్నది. పౌరసత్వమున్న దేశమును మెట్టిన ఊరును కాని మూడవ చోట నివసించు అట్టి పౌరురాలిని ఆమె భర్త చేరుకొనవచ్చునని చట్టము చెప్పుచున్నది. ఆ చట్టమును నేను రెండు భాషలలో చదివితిని. వాక్యములు బిగువుగా ఉన్నవి. ఎక్కడను సందునకు తావు లేదు.

2. నేను సమర్పించిన అరువది యొక్క ఉత్తరములను గూర్చి "ఇవి వేరొక పురుషునకు వ్రాసినవి, ఆ పురుషుడు ఆరేండ్ల క్రిందట మృతిచెందినాడు" అని తమ వ్యాఖ్య. నిజమే. కవరు మీద గృహయజమాని పేరు వ్రాయుట మా పెద్దల మర్యాద. ఆ గృహయజమాని నా తోడల్లుడు, కీర్తిశేషుడు బూసెల్‌హామ్. ఆయన పోయినను తలుపు మీది పలక మారలేదు. టపా బంట్రోతు ఎన్నడును పొరబడలేదు. లోపలి కాగితమును దయతో చూడుడు. నిమ్మకాయల ఊరగాయ జాడీ ఎక్కడ పెట్టినావని పదునాలుగు మారులు అడిగియున్నాను. మృతుడైన తోడల్లుని అట్లడుగుదునా?

జాడీ రెండవ ఉత్తరమునకే దొరికినది. అయినను అడుగుచునే ఉంటిని. ఈ సంగతి కేసునకు సంబంధించినది కాదు.

3. దంపతులము కలసియున్న ఛాయాచిత్రము లేదని మరియొక ఆక్షేపణ. వివాహ దినమున స్త్రీలు మేడ మీదను, పురుషులు క్రిందను ఉండిరి. ఛాయాచిత్రకారుడు ముందు పైకి వెళ్ళి, పిదప క్రిందికి వచ్చెను. రెండు చిత్రములను జతపరచుచున్నాను. పక్కపక్కన ఉంచి చూచినచో మెట్ల ఇనుప కమ్మి రెంటిలోను కానవచ్చును. అది ఒకే మెట్ల కమ్మి.

4. ఇక ముఖ్యమైన నేరము. ఇంటర్వ్యూ దినమున హాలు కిటకిటలాడుచుండెను. నా వెనుక మా పేట మంగలి సెల్లాం, అతని వెనుక నా పూర్వ శిష్యులు నలుగురైదుగురు నిలిచియుండిరి. కిటికీ వెనుకనున్న అమ్మాయి మా ఊరి పిల్లయే. జరిగినది జరిగినట్లు వ్రాయుచున్నాను.

"హాజీ, మీ ఆవిడ పేరు చెప్పండి."

"నీ ముందున్న నికా పత్రంలో ఉంది బిడ్డా. మూడో వరుసలో."

"అది నాకు కనిపిస్తూనే ఉంది. మీ నోటితో చెప్పాలి. రూలు."

"మా ఇంటావిడ."

"ఇంటావిడని తెలుసు. పేరు?"

వెనుకనుండి సెల్లాం: "చెప్పెయ్యండి ఫకీహ్! మేమంతా చెవులు మూసుకుంటాంలే!" హాలంతయు నవ్వినది.

ఆ అమ్మాయి మంచిది. గొంతు తగ్గించినది. "పోనీ, ఇంట్లో ఏమని పిలుస్తారు?"

"పిలవను. దగ్గుతాను."

"దగ్గితే వస్తుందా?"

"ఎప్పుడూ వచ్చేది."

అప్పుడామె కాగితమును కలమును ముందుకు జరిపి, వ్రాసి ఇమ్మన్నది. ఆ కాగితమున్న చోటు వెనుకవారందరికి కనబడుచుండెను. నేను "వివాహ పత్రము చూడుడు" అని వ్రాసి ఇచ్చితిని. తిరస్కార పత్రములో దానిని "తెలియదు" అని నమోదు చేసిరి. తప్పు ఆ అమ్మాయిది కాదు, తమది అంతకన్నను కాదు, నాదే. కాని తెలియకపోవుట వేరు, పలుకకపోవుట వేరు.

5. ఆచారమును కొంత వివరింప అనుమతింపుడు. మా పవిత్ర గ్రంథమంతటను పేరుతో పేర్కొనబడిన స్త్రీ ఒక్కతె. తక్కిన పుణ్యవతులందరు ఫలానావారి ఇల్లాలు, ఫలానావారి తల్లియే. నేను దానిని మర్యాదగా గ్రహించితిని. నేను బోధించిన ప్రాచీన కావ్యములలోని కవులు మాత్రము, విడిచిపోయిన గుడారముల బూడిద యెదుట నిలిచి, ప్రియురాలి పేరు ఎడారి అంతయు వినునట్లు పిలుతురు. ఆ పద్యములను వందలాది పిల్లలచేత వల్లె వేయించితిని. ఆ కవులలో ఎవ్వడును ఆమెను పెండ్లాడలేదని కూడ చెప్పుచుంటిని. పెండ్లియైన పిమ్మట పేరు ఇంటిలోనికి వచ్చి తలుపు వేసికొనును.

పిల్లలు కలిగియుండినచో ఫలానావాని తల్లి అని తమ కిటికీ వద్ద ధైర్యముగా చెప్పియుందును. దేవుడు మాకు ఆ వెసులుబాటు ఇయ్యలేదు.

తిరస్కరించిన దినమున ఫోనులో ఆమెతో జరిగిన మాట ఇది.

"ఏమడిగారు?"

"నీ పేరు."

"చెప్పావా?"

"వెనకాల సెల్లాం ఉన్నాడు."

"ముప్పై నాలుగేళ్ళ నుంచి నీ తల గొరుగుతున్నవాడికి, నీ పెళ్ళానికో పేరుంటుందని తెలియదా?"

"తెలుసు. ఏ పేరో తెలియదు."

"బాగుంది ఫకీహ్. దాచుకో. ఆ పేరుకి పుదీనా టీ కాచి పోస్తూ ఉండు."

6. టీ సంగతి ఆమె తెలియక అన్నదో, తెలిసి అన్నదో చెప్పజాలను. నేను నేటికిని పళ్ళెములో రెండు గ్లాసులు పెట్టుచున్నాను. రెండవదానిని చల్లారిన పిదప నేనే త్రాగుచున్నాను. పడమటి గాలి వీచి ఆకాశము తేటపడిన దినమున మా డాబా మీదనుండి ఎదుటి గట్టు తెల్లగా కనబడును. అట్టి దినములలో ఆమె ఫోనులో, ఎర్ర దుప్పటి ఆరవేసితిని చూడుమని చెప్పును. చూచితినని చెప్పుదును. అంత దూరము కనబడదని ఇరువురమును ఎరుగుదుము. నడుమ నున్నది ఒక గంట ఓడ ప్రయాణము. పోయిన చలికాలములో జ్వరముతో పండుకొని, అలవాటు చొప్పున దగ్గితిని. ఎవ్వరును రాలేదు. మరల దగ్గితిని. అది జ్వరపు దగ్గు కాదని నేను ఎరుగుదును.

7. కావున తమ కార్యాలయము కోరిన సమాచారమును ఇందుమూలముగా సమర్పించుకొనుచున్నాను. నా భార్య పేరు షామా. అల్-మఫద్దల్ అల్-బక్కాలీ గారి కుమార్తె షామా. వివాహ పత్రములో మూడవ వరుస. ఈ పేరును నా చేతితో వ్రాయుట ఇదే మొదటిసారి; దరఖాస్తును వివాహ పత్రము చూచి వ్రాయసగాడు నింపినాడు. వంకరగా వచ్చినచో మన్నింపుడు. విద్యార్థులచే దస్తూరి దిద్దించినవాడనే.

గడువునకు ఇంకను తొమ్మిది దినములున్నవి గనుక, తాము ఈ మనవిని దయతో చిత్తగించి, నా మిగిలిన దినములను నా భార్య చెంత గడపుటకు అనుమతి నొసగవలెనని ప్రార్థించుచున్నాను.

తమ విధేయుడు,
తుహామీ అల్-వద్రాసీ

తా.క. ఈ అర్జీ ఇరువది రెండవ దినముననే పూర్తియైనను, తమకు ఇరువది ఆరవ దినమున చేరుచున్నది. కారణము విన్నవించుట నా విధి. పంపుటకు ముందు దీనిని ఫోనులో ఆమెకు చదివి వినిపించితిని. ఏడవ అంశము రాగానే ఆగితిని.

"పేరు రాశావా?" అన్నది.

"రాశాను."

"ఆ ఆఫీసరు చదువుతాడా?"

"చదవాలి కదా."

"అంటే నాకంటే ముందు ఆయనకి చెబుతున్నావన్నమాట!" అని ఫోను పెట్టివేసినది. మూడు దినములు ఎత్తలేదు. నాలుగవ దినమున ఎత్తినది గాని మాటాడలేదు. నేను దగ్గలేదు. పేరు పలికితిని.

పిదప, "వినపడలేదు, ఇక్కడ గాలి" అన్నది.

మరల పలికితిని.

"ఇంకా వినపడలేదు."

మూడవ మారు, వీధిలో పోవువారు తలయెత్తి చూచునంత గట్టిగా పలికితిని. ఆ దినమున ఇరు గట్టుల మీదను గాలి లేదు.

కనుక అవసరమైనచో నన్ను మరల కిటికీ వద్దకు పిలువుడు. సెల్లాం వెనుక నిలిచియున్నను ఆక్షేపణ లేదు. అభ్యాసమైనది.