మీటరు లేని బెంచీ

అన్నయ్యా,

ఫోన్లో నన్ను సాంతం చెప్పనివ్వవు. అందుకే రాస్తున్నా. కోప్పడకుండా చివరిదాకా చదువు.

యాక్సిడెంటు తర్వాత మీ బావ టాక్సీ ముట్టుకోవడం మానేశాక నువ్వు కుదిర్చిన కౌన్సిలర్ మంచావిడే. మెత్తటి సోఫా, చల్లటి గది. కానీ ఫీజు గంట లెక్కన. ఈయన గంటసేపూ గోడ గడియారం వంకే చూస్తూ కూర్చునేవారు. అడిగితే, "మీటరు తిరుగుతుంటే నాకు నోరు పెగలదే" అన్నారు. నీ డబ్బు మంచినీళ్లలా పోయింది.

ఆవిడ దగ్గర మానేసి ఇప్పుడు వారం వారం వెళ్తున్న ప్రభుత్వాసుపత్రిలో డాక్టరు రెండు నిమిషాలు చూసి మందులు రాస్తాడు, అంతే. కానీ బయట బెంచీ మీద మధ్యాహ్నం దాకా పడిగాపులు కాయాలి. ఆ బెంచీ ఈయనకి టాక్సీ స్టాండు అయిపోయింది. మొన్న సోమవారం పక్కన కూర్చున్న దర్జీతో ఆ యాక్సిడెంటు సంగతి మొదలుపెట్టారు. నాకే ఇంతవరకూ చెప్పలేదు. నేనూ పక్కనుంచి విన్నాను. సగంలో ఉండగా లోపలికి పిలిచారు. "మిగతాది వచ్చే వారం చెప్తాలే" అని దర్జీ భుజం తట్టి లేచారు.

ఇంతలో నిన్న ఆసుపత్రి నుంచి ఫోను. నువ్వు ఎవరితోనో చెప్పించావట. ఇకనుంచి మేం వెళ్లగానే లోపలికి పంపిస్తారట. అప్పటినుంచి నాకు కాలూ చెయ్యీ ఆడటం లేదు.

మా కోసమే చేశావు, తెలుసు. కానీ నీకు దణ్ణం పెడతా, సోమవారంలోగా ఆ సిఫార్సు వెనక్కి తీసుకో. మమ్మల్ని అందరికంటే చివర కూర్చోబెట్టమని చెప్పు.

నీ చెల్లి