అత్తయ్యగారి కొలతల బొమ్మ

మంగళవారం రాత్రి, అమలాపురం

తేలింది! స్కానింగ్‌లో ఒంటికి ఎంత రేడియేషన్ పడుతుందో లెక్కగట్టడానికి కంప్యూటర్‌లో ఇన్నాళ్లూ ఆరడుగుల విదేశీయుడి బొమ్మనే వాడాను. ఈసారి అత్తయ్యగారిని జాకెట్టుకు కొలిచినట్టు టేపుతో కొలిచి, పొట్టిగా, బక్కగా కొత్త బొమ్మ చేశాను. అదే స్కానింగ్‌కి ఈ బొమ్మ కడుపులో రేడియేషన్ డోసు ఆ విదేశీయుడి బొమ్మకన్నా ఎక్కువ చూపించింది. చిన్న ఒంటికి ఎక్కువ పడుతుందన్న నా అనుమానమే నిజం! సంతోషం పట్టలేక అరిచేశాను.

అత్తయ్యగారు వంటింట్లోంచి పరుగున వచ్చారు. “ఏమైందమ్మా?”

“మీ బొమ్మకి డోసు ఎక్కువ పడిందండీ!”

“ఆయ్. మరి ఎల్లుండి స్కానింగు బొమ్మకా, నాకా?”

నవ్వబోయి ఆగిపోయాను. మిషన్‌లో డోసు తగ్గించవచ్చు, అడగాలంతే. పొద్దున్నే స్కానింగ్ సెంటర్‌కి వెళ్లి చెబుతాను: నేను తీసుకొస్తున్నది ఆరడుగుల మనిషిని కాదండీ, మా అత్తయ్యగారిని.